పొట్టి గోదురుకప్ప

పొట్టి గోదురుకప్ప దక్షిణ భారతదేశంలోనూ శ్రీలంకలోనూ నివసించే చిన్న ఉభయచర జీవి. శాస్త్రనామం దత్తాఫ్రైనస్ స్కేబర్. ఇంగ్లీషులో దీన్ని ష్నైడర్స్ డ్వార్ఫ్ టోడ్ అంటారు. పాత పుస్తకాల్లో ఫెర్గూసన్స్ టోడ్ అన్న పేరు కనిపిస్తుంది. పూర్తిగా ఎదిగిన కప్ప ముక్కు కొస నుంచి వెన్ను చివరి దాకా నాలుగు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మగది ఇంకొంచెం చిన్నది. తెలుగు జిల్లాల్లో గోదురుకప్ప, గోండ్రుకప్ప అని పిలిచే మామూలు జాతి, అంటే దత్తాఫ్రైనస్ మెలనోస్టిక్టస్, సులువుగా పది సెంటీమీటర్లు దాటుతుంది. అందువల్ల చిన్న గోదురుకప్ప ఏది కనబడినా అది పెద్ద జాతి పిల్లే అనుకోవడం మామూలు. తన సొంత నేల మీద ఈ జాతి గుర్తింపు లేకుండా మిగిలిపోవడానికి అరుదుగా ఉండడం కంటే ఈ పొరపాటే ఎక్కువ కారణం. తెలుగులో దీనికి విడిగా వాడుక పేరు స్థిరపడలేదు. ఆకారాన్ని బట్టి ఈ వ్యాసంలో పొట్టి గోదురుకప్ప అని వాడడం జరిగింది.

వర్గీకరణ, పేరు మారిన తీరు

గోదురుకప్పలన్నీ బ్యూఫోనిడే కుటుంబానికి చెందినవి. నీటి కప్పల పై దవడకు సన్నని పళ్ళుంటాయి, వీటికి ఉండవు. వెనక కాళ్ళు పొట్టివి కాబట్టి దూరం గెంతలేవు. చిన్న చిన్న గెంతులు వేస్తాయి, తరచుగా నడుస్తాయి కూడా. కళ్ళ వెనక రెండు పక్కలా ఉబ్బెత్తుగా కనిపించేవి పెరటాయిడ్ గ్రంథులు, విషపు తిత్తులు. మగవాటిలో వృషణం పక్కనే ఎదగని అండాశయం లాంటి బిడ్డర్ అంగం ఉండడం ఈ కుటుంబపు వింత లక్షణం. వృషణాలను తొలగించి చేసిన ప్రయోగాల్లో ఇది నిజమైన అండాశయంగా ఎదగడాన్ని శాస్త్రవేత్తలు గమనించారు.

పెద్ద జాతికీ పొట్టి జాతికీ పేర్లు ఒకే పుస్తకంలో, ఒకే ఏడాది పడ్డాయి. జర్మనీకి చెందిన జొహాన్ గొట్‌లోబ్ ష్నైడర్ 1799లో ఉభయచరాల మీద లాటిన్‌లో వెలువరించిన గ్రంథంలో బ్యూఫో మెలనోస్టిక్టస్, బ్యూఫో స్కేబర్ రెండూ ఉన్నాయి. ష్నైడర్ ప్రాచీన గ్రీకు భాషా పండితుడు కూడా. యూరప్ సేకరణల్లోకి చేరిన నమూనాలను చూసి రాసిన మనిషి. ఆయన వర్ణనలు నేటి లెక్కలో క్లుప్తం. దాంతో స్కేబర్ అన్న పేరు ఏ కప్పదో తరువాతివారికి తెలియకుండా పోయింది. 19వ శతాబ్దపు రచనలు కొన్ని ఆ పేరును పెద్ద గోదురుకప్పకే తగిలించాయి.

ఈ లోపు తిరువనంతపురం మ్యూజియం బాధ్యతలు చూస్తున్న హెరాల్డ్ ఫెర్గూసన్ తిరువాన్కూరు సంస్థానంలో సేకరించిన చిన్న గోదురుకప్ప లండన్ చేరింది. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేస్తున్న జార్జ్ ఆల్బర్ట్ బులెంజర్ దాన్ని కొత్త జాతిగా నిర్ణయించి, 1892లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో బ్యూఫో ఫెర్గూసోనీ అని ప్రకటించాడు. వందేళ్ళకు పైగా ఆ పేరే చెలామణీ అయింది. పారిస్‌లోని అలైన్ డుబ్వా, అన్నెమరీ ఓలర్ పాత మ్యూజియం నమూనాలను మళ్ళీ పరిశీలించి, ష్నైడర్ చెప్పిన స్కేబర్, బులెంజర్ చెప్పిన ఫెర్గూసోనీ ఒకటేనని 1999లో తేల్చారు. ముందు పెట్టిన పేరుకే చెల్లుబాటు అన్నది జంతు నామకరణ నియమం. ఫెర్గూసన్ పేరు పక్కకు తప్పుకుంది. 2006లో ప్రపంచ ఉభయచరాల వంశవృక్షాన్ని డారెల్ ఫ్రాస్ట్ బృందం తిరిగి అమర్చినప్పుడు, అప్పటిదాకా ప్రపంచమంతటి గోదురుకప్పలకు గొడుగుగా ఉన్న బ్యూఫో ప్రజాతి ముక్కలైంది. దక్షిణాసియా జాతులు చాలా వరకు దత్తాఫ్రైనస్ అనే కొత్త ప్రజాతిలోకి వచ్చాయి. ఒడిశాకు చెందిన ఉభయచర శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్తా గౌరవార్థం పెట్టిన పేరది. ఈ పేర్ల చరిత్ర తెలియకపోతే పాత జాబితాలను చదవడం కష్టం: 1990ల నాటి జంతుజాల నివేదికలో ఫెర్గూసోనీ అని ఉన్నచోట ఇప్పుడు స్కేబర్ అని చదువుకోవాలి, 1850 నాటి పుస్తకంలో స్కేబర్ అని ఉంటే మాత్రం అది పెద్ద గోదురుకప్ప కావచ్చు.

గుర్తింపు

గుర్తింపులో మొదటి ప్రశ్న జాతి గురించి కాదు, వయసు గురించి. చేతిలో ఉన్న నాలుగు సెంటీమీటర్ల కప్ప ఎదిగినదా, ఎదుగుతున్నదా? దీనికి జవాబు దొరికితే మిగతా పని సగం పూర్తయినట్టే.

ఎదిగిన మగదాన్ని పట్టించేది గొంతు. అది అరుస్తుంటే సందేహమే అక్కర్లేదు, ఎందుకంటే పిల్ల కప్పలు జతకోసం అరవవు. మౌనంగా ఉన్నా గొంతు కింది చర్మం వదులుగా, ముడతలుగా కనబడుతుంది. ఊదినప్పుడు బుడగలా ఉబ్బే స్వరకోశం అదే. సంతాన కాలంలో మగవాటి ముందు కాళ్ళ లోపలి వేళ్ళ మీద ముదురు రంగు గరుకు మెత్తలు ఏర్పడతాయి, ఆడదాని వీపు మీద పట్టు జారకుండా. గుడ్లతో నిండిన ఆడది పక్కలకు ఉబ్బి ఉంటుంది. ఈ గుర్తుల్లో ఒక్కటైనా నాలుగు సెంటీమీటర్ల కప్పలో కనబడితే అది మామూలు గోదురుకప్ప కానేకాదు. ఆ జాతి అంత చిన్న వయసులో ఈడుకు రాదు.

ఇవేవీ లేనప్పుడు తల చూడాలి. పెద్ద గోదురుకప్ప తల మీద ఎముక గట్లు ఉంటాయి: ముక్కు అంచున ఒకటి, కంటికి ముందూ పైనా వెనకా మరికొన్ని, కంటికీ చెవికీ మధ్య పొట్టిది ఇంకొకటి. ఎదిగిన కప్పలో వాటి అంచులు కాటుక దిద్దినట్టు నల్లగా ఉంటాయి. పొట్టి గోదురుకప్పలో కూడా ఇవే గట్లు ఉన్నాయి, అయితే తక్కువ ఎత్తువి, అంత కొట్టొచ్చినట్టు కనబడనివి. పెద్ద జాతి పిల్లల్లో గట్లు ఇంకా లేచి ఉండవు. అంటే గట్లు స్పష్టంగా ఉన్న బాగా చిన్న కప్పను చూస్తే పొట్టి జాతిని తలచుకోవాలి. ఒక చిక్కు మాత్రం ఉంది. సగం ఎదిగిన పెద్ద జాతి కప్పలో గట్లు అప్పుడే మొలుస్తూ, తక్కువ ఎత్తుతో, అచ్చం పొట్టి జాతి గట్లలాగే అనిపిస్తాయి. గట్లను మాత్రమే నమ్మి తీర్పు చెప్పేవారు పొరబడేది ఇక్కడే.

ఆ చిక్కును విడదీసేది కర్ణభేరి. కంటి వెనక గుండ్రటి పలుచని పొరలా ఉండే ఈ భాగం పొట్టి గోదురుకప్పలో చాలా స్పష్టంగా, శరీరంతో పోలిస్తే పెద్దదిగా ఉంటుంది. పెద్ద జాతి పిల్లల్లో అది చిన్నది. చర్మంలో కలిసిపోయి సరిగా కనబడదు. ఎదిగాక మాత్రం కంటి వెడల్పులో మూడింట రెండు వంతులకు తగ్గకుండా విస్తరిస్తుంది. పెద్ద జాతి పిల్లలకు ఇంకో సొంత గుర్తు కూడా ఉంది: గడ్డానికీ రొమ్ముకూ మధ్య గొంతు మీద నల్లటి పట్టీ. వీపు మీది బొడిపెలు కూడా వాటికి ఇంకా సరిగా లేచి ఉండవు. కాబట్టి నున్నటి వీపు, కనీ కనబడని చెవి, గొంతుమీద నల్ల పట్టీ ఉంటే పెద్ద జాతి పిల్ల. గరుకు వీపు, తేటగా కనబడే చెవి, తక్కువ ఎత్తు గట్లు కలిసి ఉంటే పొట్టి జాతి.

రంగును చివరన చూడాలి, లేదా అసలు పట్టించుకోకపోవడమే మేలు. గోదురుకప్పల బూడిద, గోధుమ, ఎరుపు ఛాయలు నేల రంగును బట్టీ తడిని బట్టీ గంటల్లో మారతాయి. ఎర్ర చెలకలో పట్టిన కప్పా నల్లరేగడిలో పట్టిన కప్పా ఒకే జాతి అయినా రెండు జాతుల్లా కనిపించవచ్చు.

ఇతర జాతులతో పోలిక ఇంత కష్టం కాదు. పాలరాతి మచ్చల గోదురుకప్ప అనదగిన దత్తాఫ్రైనస్ స్టొమాటికస్ ఉత్తర, పశ్చిమ భారతంలో ఎక్కువ, ద్వీపకల్పంలోనూ ఉంది. దాని తల మీద గట్లే ఉండవు. ఆల్బర్ట్ గుంథర్ 1876లో వర్ణించిన దత్తాఫ్రైనస్ హోలోలియస్ కూడా చిన్నదే, దానికీ తల గట్లు లేవు. పైగా దాని చర్మం గోదురుకప్పకు ఉండాల్సిన గరుకుదనం లేకుండా నున్నగా, శరీరం బల్లపరుపుగా ఉంటుంది. బండరాళ్ళ సందుల్లో దూరి బతకడానికి వీలైన ఒళ్ళు అది. కాబట్టి రాతిగుట్టల మీద నున్నటి చిన్న గోదురుకప్ప దొరికితే పొట్టి జాతిని పక్కన పెట్టి హోలోలియస్‌ను పరిశీలించడం సరైన దారి.

రుతువు కూడా ఒక ఆధారమే. తొలకరి వానలు పడిన రాత్రుల్లోనే నిండుగా ఎదిగిన చిన్న గోదురుకప్పలు నేల మీద తిరుగుతుంటే అవి ఆ ఏటి పిల్లలు అయ్యే వీలు లేదు. గుడ్లు పగిలి, తోకకప్పలు నీళ్ళలో ఎదిగి, కాళ్ళు వచ్చి గట్టెక్కడానికి కొన్ని వారాలు పడుతుంది. అలా గట్టెక్కే బుల్లి కప్పలు ఒక సెంటీమీటరుకు మించవు. కుంటల అంచుల్లో వందలకొద్దీ ఒకేసారి బయటపడే వీటిని చూసే కప్పల వాన కురిసిందని కొన్నిచోట్ల చెప్పుకుంటారు. ఆ గుంపుల కాలంలో పొట్టి జాతిని వెతకడం దండగ. తొలి వాన రాత్రులే అనువైనవి.

ఆవాసం, జీవనం

పొట్టి గోదురుకప్ప మైదానాల జీవి. పొడి ఆకురాల్చే అడవులు, తుప్ప నేలలు, గడ్డి బీళ్ళు, మెట్ట పొలాలు దీని తావులు. పెద్ద జాతి ఇళ్ళలోకి, స్నానాల గదుల్లోకి, వీధిదీపాల కిందికి చొరవగా వస్తుంది. పొట్టి జాతి మాత్రం మనుషుల ఇళ్ళకు అంతగా అలవాటు పడలేదు. ఏడాదిలో ఎక్కువ కాలం నేలలో దాగి ఉంటుంది. వెనక పాదాల అడుగున ఉండే గట్టి బొడిపెలతో మట్టిని పక్కలకు నెడుతూ, ఒళ్ళు అటూ ఇటూ తిప్పుతూ వెనక్కు వెనక్కు భూమిలోకి దిగిపోతుంది. ముఖం చివరన మునుగుతుంది. వేసవి ఎండల్లో తడి మిగిలిన లోతులో కదలకుండా గడిపే ఈ స్థితిని గ్రీష్మకాల సుప్తావస్థ అంటారు.

గోదురుకప్పలు నోటితో నీళ్ళు తాగవు. పొట్ట కింద, తొడల మొదట్లో రక్తనాళాలు దండిగా ఉన్న చర్మం నేలలోని తడిని నేరుగా పీల్చుకుంటుంది. చెమ్మగా ఉన్న మట్టి మీద కాళ్ళు బార్లా చాపి పొట్ట ఆనించి కూర్చున్న కప్ప నిజానికి దాహం తీర్చుకుంటోంది. మూత్రాశయంలో పల్చటి మూత్రాన్ని నిల్వ చేసుకుని, అవసరమైనప్పుడు అందులోని నీటిని తిరిగి ఒంట్లోకి తీసుకుంటుంది. పట్టుకోగానే చేతిలో వదిలే ద్రవం చాలావరకు ఆ నిల్వ నీరే. ఎండాకాలంలో అది పోగొట్టుకోవడం కప్పకు ప్రమాదకరం. పరిశీలన కోసం పట్టుకోవాల్సి వస్తే వానాకాలంలోనే, అదీ క్షణాల సేపే పట్టుకోవాలనడానికి కారణం ఇది.

ఆహారం చీమలు, చెదలు, చిన్న పురుగులు. కదిలేదాన్నే చూస్తుంది, కదలని పురుగు ఎదురుగా ఉన్నా పట్టదు. నాలుక నోటి ముందు భాగంలో అతుక్కుని ఉండి, మడత విప్పినట్టు బయటికి విసురుకుంటుంది. మింగేటప్పుడు కళ్ళు మూతపడి లోపలికి దిగుతాయి, ఎరను గొంతులోకి నెట్టడానికి అవీ సాయపడతాయి. తొలి వాన తరువాత ఉసిళ్ళు లేచే సాయంత్రాలు వీటికి పండుగ; నెలల ఆకలి రెండు మూడు రాత్రుల్లో తీరుతుంది.

ఆ రోజుల్లోనే సంతానోత్పత్తి కూడా. పొట్టి గోదురుకప్ప చెరువుల కంటే వానకు నిండి కొన్ని వారాల్లో ఎండిపోయే గుంటలను, పొలాల్లో నిలిచిన నీళ్ళను ఎంచుకుంటుంది. శాశ్వతమైన నీళ్ళలో చేపలుంటాయి; ఎండే గుంటలో చేపలుండవు కానీ గడువు ఉంటుంది. వాన ముఖం చాటేస్తే తోకకప్పలన్నీ బురదలో ఎండిపోతాయి. ఈ జాతి ఆ బేరానికే సిద్ధపడింది. మగవి నీటి అంచున కూర్చుని అరుస్తాయి. చిన్న ఒళ్ళున్న కప్పల అరుపు సాధారణంగా సన్నగా, హెచ్చు స్థాయిలో ఉంటుంది. పెద్ద గోదురుకప్ప దీర్ఘంగా సాగదీసే మొద్దు గొంతుతో పోలిస్తే దీని అరుపు పురుగుల రొదలో కలిసిపోయేంత సన్నం. అందుకే కీచురాయి అనుకుని దాటిపోయేవారు ఎక్కువ.

గుంపులో ఉన్న మగవి దగ్గరకు వచ్చిన దేన్నైనా కౌగిలించుకోబోతాయి. పొరపాటున సాటి మగదాన్ని పట్టుకుంటే అది వదలమన్నట్టు చిన్న చిన్న అరుపులు అరుస్తుంది, ఒళ్ళు అదిలిస్తుంది, పట్టినది వదిలేస్తుంది. ఆడది దొరికితే వీపుమీద ఎక్కి చంకల కింద గట్టిగా పట్టుకుంటుంది. గుడ్లు జిగురు దారాల్లో పూసలు గుచ్చినట్టు బయటికి వస్తాయి, మగది వాటి మీద వీర్యం వదులుతుంది. నీటి కప్పల గుడ్లు ముద్దలుగానో, పైపొరగానో తేలతాయి; నీటి మొక్కలకు చుట్టుకున్న దారాలు కనబడితే అవి గోదురుకప్పవే. తోకకప్పలు నల్లగా చిన్నగా ఉంటాయి. పెద్ద జాతి తోకకప్పలూ నల్లవే కాబట్టి గుంట గట్టున నిలబడి వాటిని విడదీయడం సాధ్యం కాదు. నోటి చుట్టూ ఉండే కొమ్ము పదార్థపు పళ్ళ వరుసలను భూతద్దం కింద పరీక్షించాలి.

తోకకప్పల గుంపుతనం మీద పెద్ద జాతిలోనూ పొట్టి జాతిలోనూ పరిశోధనలు జరిగాయి. ధార్వాడ్‌లోని కర్ణాటక విశ్వవిద్యాలయం పరిశోధకులు 2000లో ప్రచురించిన ప్రయోగాల్లో మామూలు గోదురుకప్ప తోకకప్పలు తోడబుట్టినవాటిని పరాయివాటి నుంచి వేరుగా గుర్తించి, వాటి పక్కనే ఎక్కువ సేపు గడుపుతాయని తేలింది.

విషం, శత్రువులు

గోదురుకప్పను ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయన్న మాట నిజం కాదు. పులిపిర్లకు కారణం మనుషుల్లో తిరిగే ఒక వైరస్. కప్ప వీపు మీది బొడిపెలు గ్రంథులు. విషం మాత్రం నిజమే. నొక్కినప్పుడో, కుక్క నోట కరిచినప్పుడో పెరటాయిడ్ గ్రంథుల నుంచి తెల్లటి పాలలాంటి ద్రవం ఊరుతుంది. అందులోని బ్యూఫాడైయినోలైడ్‌లు గుండె కండరంలోని సోడియం–పొటాషియం పంపును అడ్డుకుంటాయి. గన్నేరు విషం పనిచేసేదీ సరిగ్గా ఈ పంపు మీదే. మొక్కా కప్పా వేర్వేరు దారుల్లో ఒకే ఆయుధాన్ని తయారు చేసుకున్నాయి. ఇంత చిన్న కప్పలో విషం పరిమాణం తక్కువ. చర్మం చిట్లని చేతికి ప్రమాదం లేదు, కానీ కంటికి తగిలితే మంట పుడుతుంది కాబట్టి ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కప్పను కరిచిన కుక్క నురగ కక్కుకుంటే నోరు నీళ్ళతో కడిగి పశువైద్యుడికి చూపించాలి.

ఈ ఆయుధం అందరి మీదా పారదు. గోదురుకప్పలతో కలిసి పరిణామం చెందిన పాములు కొన్నిటిలో ఆ పంపు నిర్మాణమే కొద్దిగా మారి, విషం దానికి అంటుకోదు. కప్పలను ఇష్టంగా తినే నీరుకట్టె గోదురుకప్పలనూ వదలదు. అలాంటి సహవాసం లేనిచోట ఏం జరుగుతుందో మడగాస్కర్ చూపిస్తోంది. మామూలు గోదురుకప్ప ఓడ సరుకులతో పాటు ఆ ద్వీపం చేరి, టొమాసినా రేవు చుట్టూ పాతుకుపోయిందని 2014లో గుర్తించారు. అక్కడి పాములు, ఇతర వేటజంతువుల్లో దాదాపు దేనికీ ఈ విషాన్ని తట్టుకునే జన్యుమార్పు లేదని 2018లో వెలువడిన పరిశోధన తెలిపింది. పొట్టి జాతి అలా ఎక్కడా వలస పోలేదు. మనుషుల సరుకుల మధ్య బతికే అలవాటు దానికి లేకపోవడం ఇందుకు ఒక కారణం కావచ్చు.

మనుషులు తినడానికి కప్పలను పట్టిన రోజుల్లోనూ గోదురుకప్పలను ఈ విషమే కాపాడింది. కప్ప కాళ్ళ ఎగుమతిని భారత ప్రభుత్వం 1987లో నిషేధించే దాకా బుట్టలకెక్కినవి బోదురుకప్పల వంటి నీటి జాతులే. తెలంగాణ పల్లెల్లో వాన కోసం ఆడే కప్పతల్లి ఆటలో రోకలికి వేపరెమ్మలతో కట్టి ఇల్లిల్లూ తిప్పే కప్పకు జాతి పట్టింపేమీ లేదు, దొరికినదే కప్పతల్లి.

ప్రస్తుత స్థితి, నమోదు

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ఎర్ర జాబితాలో పొట్టి గోదురుకప్ప ఆందోళన అవసరం లేని జాతుల వర్గంలో ఉంది. విశాలమైన ప్రాంతంలో వ్యాపించి ఉండడం అందుకు ఆధారం. ముప్పు లేదని దీని అర్థం కాదు. ఎండిపోయే గుంటను చెరువులా ఎవరూ లెక్కపెట్టరు. రెవెన్యూ రికార్డుల్లో దానికి పేరుండదు, చదును చేస్తే అడిగేవారుండరు. తుప్ప నేలలు బంజరు కింద జమకట్టి ప్లాట్లుగా మారుతున్నాయి. పొలంలో నిలిచిన నీటిలోకి చేరే పురుగుమందులు తోకకప్పలకు చర్మం గుండా, మొప్పల గుండా నేరుగా ఎక్కుతాయి. తొలకరి రాత్రుల్లో గుంటలకు బయలుదేరిన కప్పలు రోడ్ల మీద చక్రాల కింద పడేది కూడా ఆ రెండు మూడు రాత్రుల్లోనే.

జాతిని నమ్మకంగా నమోదు చేయాలంటే ఒక్క ఫొటో చాలదు. తలను పైనుంచి తీస్తే గట్లు తెలుస్తాయి. పక్కనుంచి తీస్తే కన్ను, కర్ణభేరి, పెరటాయిడ్ గ్రంథి మూడింటి నిష్పత్తి తెలుస్తుంది. గాజు సీసాలో పెట్టి కిందినుంచి తీస్తే గొంతుమీద పట్టీ ఉందో లేదో తేలిపోతుంది. పక్కన స్కేలు పెట్టాలి, లేకపోతే నాలుగు సెంటీమీటర్ల కప్ప ఫొటోలో పది సెంటీమీటర్లదిలా కనిపిస్తుంది. తేదీ, ఊరు, నేల స్వభావం, ముందురోజు వాన పడిందా లేదా అన్నవి రాసుకోవాలి. అరుస్తున్న మగది దొరికితే ఫోన్‌లో అర నిమిషం రికార్డు చేసుకోవడం అన్నిటికంటే విలువైన సాక్ష్యం. పెద్ద జాతి పిల్ల అన్న సందేహం ఆ ఒక్కదానితోనే పోతుంది.